గుండ్రటి మూలల ఖరీదు



2011 అక్టోబరులో అమెరికాలోని శాన్ హోసే నగరం ఫెడరల్ కోర్టులో ఒక విచారణ జరుగుతోంది. న్యాయమూర్తి లూసీ కో రెండు టాబ్లెట్లను చెరో చేత్తో పైకెత్తి పట్టుకున్నారు. ఒకటి యాపిల్ వారి ఐప్యాడ్, మరొకటి శామ్‌సంగ్ వారి గెలాక్సీ టాబ్. వీటిలో మీ కంపెనీది ఏదో చెప్పగలరా అని శామ్‌సంగ్ తరఫు న్యాయవాది కాథలీన్ సలివన్‌ని అడిగారు. సలివన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం లా స్కూలుకు డీన్‌గా పనిచేసిన అనుభవజ్ఞురాలు. పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఇంత దూరం నుంచి చెప్పలేనన్నారు. కాసేపటికి ఆమె పక్షంలోని మరో న్యాయవాది సరైన జవాబు ఇచ్చారు.

ఈ సంగతి విన్నవాళ్ళు చాలామంది ఇక వాదించడానికి ఏముంది, కాపీ అని తేలిపోయిందిగా అనుకున్నారు. తేలలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ఆ టాబ్లెట్ అమ్మకాలను అమెరికాలో ఆపేశారు. ఆగస్టులో అదే కోర్టులో జ్యూరీ కూర్చుని, అది ఐప్యాడ్ డిజైన్ పేటెంట్‌ను ఉల్లంఘించలేదని చెప్పింది. అక్టోబరులో నిషేధం ఎత్తేశారు. అదే జ్యూరీ అదే రోజున శామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటిని మాత్రం తప్పుపట్టి, యాపిల్‌కు సుమారు 105 కోట్ల డాలర్లు చెల్లించాలంది.

రెండు వస్తువులు కంటికి ఒకేలా కనబడటం ఒక సంగతి. చట్టం ప్రకారం ఒకటి మరొకదానికి నకలు కావడం వేరే సంగతి. నకలేనని తేలాక దానికి ఎంత కట్టాలన్నది మూడో సంగతి. పత్రికలు మొదటిదాని గురించి రాశాయి, న్యాయవాదులు రెండోదాని గురించి పోట్లాడారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మూడోది. ఆ లెక్క ఈనాటికీ సరిగ్గా కుదరలేదని నా నమ్మకం. అక్కడికి వెళ్ళే ముందు కొంత కథ చెప్పాలి.

ఈ రెండు కంపెనీలూ పోటీదారులే కాదు, ఒకరి మీద ఒకరు ఆధారపడ్డవాళ్ళు కూడా. ఐఫోన్‌కు మెదడులాంటి ప్రాసెసర్ చిప్పును ఆ రోజుల్లో తయారుచేసి ఇచ్చింది శామ్‌సంగే. యాపిల్ దానికి అతి పెద్ద ఖాతాదారుల్లో ఒకటి. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను ప్రకటించిన వేదిక మీదే, దీనికోసం 200కు పైగా పేటెంట్లకు దరఖాస్తు చేశామని, వాటిని కాపాడుకుంటామని చెప్పారు. 2010 జూన్‌లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ వచ్చింది. ఆ ఆగస్టులో యాపిల్ ప్రతినిధులు కొరియా వెళ్ళి, మీ ఫోన్లలో మా పేటెంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండని పేజీలకు పేజీలు చూపించారు. అక్టోబరులో బేరం పెట్టారు. ఒక్కో స్మార్ట్‌ఫోనుకు 30 డాలర్లు, ఒక్కో టాబ్లెట్‌కు 40 డాలర్లు ఇస్తే లైసెన్సు ఇస్తామన్నారు. బేరం కుదరలేదు. 2011 ఏప్రిల్ 15న యాపిల్ దావా వేసింది. వారం తిరక్కుండానే శామ్‌సంగ్ సియోల్‌లో, టోక్యోలో, జర్మనీలోని మన్‌హైమ్‌లో ఎదురు దావాలు వేసింది. ఇంత జరుగుతున్నా చిప్పుల సరఫరా ఆగలేదు.

యాపిల్ ఏం పోయిందని కోర్టుకెక్కింది? రెండు రకాల హక్కులు. మొదటిది పనితీరుకు సంబంధించిన పేటెంటు. ఫోన్లో ఒక జాబితాను వేలితో కిందికి జరుపుతూ పోతే చివరికి చేరాక తెర ఠక్కున ఆగిపోదు. కొంచెం సాగి, వెనక్కి లాగినట్టు వచ్చి సర్దుకుంటుంది. యాపిల్‌లో పనిచేసిన బాస్ ఓర్డింగ్ అనే డిజైనర్ పేరు మీద ఉంది ఆ పేటెంటు. చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ జాబితా అయిపోయిందా, లేక ఫోను మొరాయించిందా అన్న అనుమానం వాడేవాడికి రాకుండా చేసే తెలివి అందులో ఉంది. అలాంటి పనిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేయడం, రెండుసార్లు తట్టి చూడదలిచిన భాగాన్ని దగ్గరికి తెచ్చుకోవడం కూడా ఇదే కోవలో ఉన్నాయి.

రెండో రకం డిజైన్ పేటెంటు. ఇది పనితీరును కాపాడదు, రూపాన్ని కాపాడుతుంది. దీర్ఘచతురస్రానికి మూలలు గుండ్రం చేస్తే అది ఒకరి సొత్తు అవుతుందా అని అప్పట్లో ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. పత్రం తీసి చూస్తే విషయం అంత తేలిక కాదు. డిజైన్ పేటెంటులో మాటలు దాదాపు ఉండవు, బొమ్మలే ఉంటాయి. తెగని గీతతో గీసింది నాది అని అర్థం, చుక్కల గీతతో గీసింది నాది అనడం లేదని అర్థం. ఐఫోన్ ముందుభాగం పేటెంటులో నల్లగా, మెరుస్తూ, అంచు నుంచి అంచు దాకా పరుచుకున్న ముఖం తెగని గీతలో ఉంది. కింది బొత్తాము, పక్క భాగాలు చుక్కల్లో ఉన్నాయి. అంటే యాపిల్ అడిగింది లోకంలోని దీర్ఘచతురస్రాలన్నింటినీ కాదు, ఆ ఒక్క ముఖాన్ని. ఇంకో పేటెంటు ముఖం చుట్టూ ఉన్న చట్రానికి, మరొకటి రంగురంగుల ఐకాన్లు వరసల్లో పేర్చిన తెరకు.

శామ్‌సంగ్ నిజంగా కాపీ కొట్టిందా? విచారణలో బయటపడ్డ కాగితాలు దానికి బలమైన సాక్ష్యం. 2010 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మొబైల్ విభాగం అధిపతి సమావేశంలో అన్న మాటల నమోదు ఒకటి బయటికి వచ్చింది. ఐఫోన్‌కూ తమ ఫోన్‌కూ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉందని, ఇది డిజైన్ సంక్షోభమని ఆయన అన్నారు. ఆ తర్వాతి నెలలో తయారైన 132 పేజీల నివేదిక మరొకటి. ఒక్కో పేజీలో ఎడమ పక్క ఐఫోన్, కుడి పక్క గెలాక్సీ, కింద తమది ఎలా మెరుగుపరచాలో సూచన. క్యాలెండరు, కాలిక్యులేటరు, వాయిస్ రికార్డరు, ఏదీ వదల్లేదు.

ఆ నివేదికను గురించి విన్నప్పుడు ఎవరికైనా కోపం రావచ్చు. నాకు మాత్రం అది ఒక్క చూపులో తీర్పిచ్చే కాగితంలా అనిపించదు. పోటీదారుడి వస్తువును విప్పి చూడని కంపెనీ ప్రపంచంలో లేదు. కార్ల తయారీదారులు అవతలివాళ్ళ కారు కొని బోల్టు బోల్టు ఊడదీస్తారు. అది నేరం కాదు, నేర్చుకోవడం. పైగా ఆ 132 పేజీల్లోనే ఒకచోట, ఐకాన్లు ఐఫోన్ నుంచి కాపీ చేసినట్టు అనిపిస్తున్నాయి, ఆ భావన పోయేలా వేరుగా గీయండి అని రాసి ఉంది. ఆ సలహాను పూర్తిగా పాటించి ఉంటే కథ మరోలా ఉండేది. చదవడంలో తప్పు లేదు. చదివినదాన్ని తన చేతిరాతలోకి మార్చుకోకపోవడంలో తప్పుంది. శామ్‌సంగ్ ఆ గీత దాటిందని నేను అనుకుంటున్నాను. కొన్ని మోడళ్ళ ముఖాలను చూస్తే ఇంకోలా అనుకోవడం కష్టం.

అయితే యాపిల్ కూడా ఏమీ లేనిచోట నుంచి మొదలుపెట్టలేదు. తెరంతా వేలితో తాకే ప్రాడా ఫోన్‌ను ఎల్‌జీ 2006 డిసెంబరులోనే ప్రకటించింది. అనేక వేళ్ళ తాకిడిని గుర్తించే సాంకేతికత కోసం యాపిల్ 2005లో ఫింగర్‌వర్క్స్ అనే చిన్న కంపెనీని కొనేసింది. ఇంకా వెనక్కి వెళితే 1979లో స్టీవ్ జాబ్స్ బృందం జిరాక్స్ వారి పరిశోధన కేంద్రంలో చూసిన కిటికీలు, మౌసు తర్వాత యాపిల్ కంప్యూటర్లలో వెలిశాయి. ఆ దర్శనానికి బదులుగా జిరాక్స్‌కు పది లక్షల డాలర్లతో యాపిల్ వాటాలు కొనుక్కునే అవకాశం దక్కింది. 1988లో యాపిల్ ఆ తెర రూపం మాదేనంటూ మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది, 1994 నాటికి అప్పీలులోనూ ఓడిపోయింది. గొప్ప ఆలోచనలను తీసుకోవడానికి తాము ఏనాడూ సిగ్గుపడలేదని 1996లో ఒక టీవీ డాక్యుమెంటరీలో జాబ్స్ స్వయంగా చెప్పారు. ఇవన్నీ ఎత్తి చూపి శామ్‌సంగ్ చేసింది సరే అనడం నా ఉద్దేశం కాదు. ఒక ఆవిష్కరణలో ఎంత భాగం మనది, ఎంత భాగం ముందువాళ్ళది అని విడదీయడం ఎంత కష్టమో గుర్తుపెట్టుకోవాలని చెబుతున్నాను. ఆ విడదీతే తర్వాత కోర్టుల మెడకు చుట్టుకుంది.

దేశానికో తీర్పు వచ్చింది. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ కోర్టు గెలాక్సీ టాబ్ అమ్మకాలను ఆపేసింది. లండన్‌లో న్యాయమూర్తి కోలిన్ బిర్స్, ఐప్యాడ్‌కు ఉన్న అతి నిరాడంబరమైన సొగసు శామ్‌సంగ్ టాబ్లెట్‌కు లేదని, కాబట్టి అది నకలు కాదని చెప్పారు. ఆ సంగతి యాపిల్ తన వెబ్‌సైటులోనే ప్రకటించాలని ఆదేశించారు. యాపిల్ పెట్టిన ప్రకటనలో అదనపు మాటలు చేర్చి అర్థం మార్చిందని అప్పీలు కోర్టు మందలించి మళ్ళీ రాయించింది. 2012 ఆగస్టు 24న సియోల్ కోర్టు ఇద్దరిదీ తప్పే అంది. అదే తేదీన శాన్ హోసేలో యాపిల్ గెలిచింది. వారం తర్వాత టోక్యోలో శామ్‌సంగ్ గెలిచింది. వస్తువులు అవే, కాగితాలు దాదాపు అవే. 2014లో ఇద్దరూ అమెరికా బయటి కేసులన్నీ వదిలేసుకున్నారు.

ఇక డబ్బు లెక్క. శాన్ హోసే జ్యూరీలో తొమ్మిది మంది. వాళ్ళు జవాబివ్వాల్సిన ప్రశ్నలు ఏడువందల దాకా. ఏ మోడలు ఏ పేటెంటును ఉల్లంఘించింది, ఉద్దేశపూర్వకమా కాదా, దానికెంత అంటూ సాగే ఆ పత్రాన్ని మూడు రోజులు గడవకముందే పూర్తిచేశారు. 2013లో న్యాయమూర్తి కో ఆ మొత్తంలో 45 కోట్ల డాలర్లను పక్కనపెట్టి ఆ భాగానికి మళ్ళీ విచారణ జరిపించారు. 2015లో అప్పీలు కోర్టు కొంత కొట్టేసింది. ఆ డిసెంబరులో శామ్‌సంగ్ 54.8 కోట్ల డాలర్లు కట్టింది. అందులో 39.9 కోట్లు కేవలం మూడు డిజైన్ పేటెంట్ల కింద. రూపానికి ఇంత పెద్ద మొత్తం ఎలా వచ్చిందో తెలియాలంటే 1880ల నాటి తివాచీల దగ్గరికి వెళ్ళాలి.

ఫిలడెల్ఫియాలో డాబ్సన్ అనే అన్నదమ్ములకు తివాచీల మిల్లు ఉండేది. హార్ట్‌ఫర్డ్, బిగెలో అనే రెండు తివాచీ కంపెనీలు తమ నమూనాలను డాబ్సన్‌లు కాపీ చేశారని కేసు పెట్టాయి. కాపీ చేసిన మాట నిజమేనని తేలింది. అయితే 1885లో సుప్రీంకోర్టు ఒక ప్రశ్న వేసింది. తివాచీ అమ్మితే వచ్చిన లాభంలో ఉన్ని నాణ్యతకు ఎంత, నేతకు ఎంత, నమూనాకు ఎంత? నమూనా వల్లే వచ్చిన లాభం ఇంత అని కంపెనీలు విడదీసి చూపలేకపోయాయి. చూపలేదు గనుక నామమాత్రపు పరిహారం చాలన్నారు. ఎంతో తెలుసా? ఆరు సెంట్లు. డిజైనర్లు మండిపడ్డారు. ఆ లెక్కన ఎవరి నమూనా అయినా ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. 1887లో అమెరికన్ కాంగ్రెసు కొత్త చట్టం చేసింది. డిజైను దొంగిలించి అమ్మితే ఆ వస్తువు మీద వచ్చిన మొత్తం లాభం కట్టాలి, ఎంత తక్కువైనా 250 డాలర్లకు తగ్గకూడదు.

తివాచీకి ఆ చట్టం న్యాయమే. తివాచీ కొనేవాడు ముందు చూసేది నమూనానే. కానీ ఆ చట్టంలోని "మొత్తం లాభం" అన్న సూత్రం 125 ఏళ్ళ తర్వాత ఫోన్ మీద వచ్చి పడింది. ఫోనులో ప్రాసెసరు ఉంది, మెమరీ ఉంది, రేడియో ఉంది, కెమెరా ఉంది, వాటి వెనక వేలమంది ఇంజనీర్ల శ్రమ ఉంది. ముఖం నకలు అయినంతమాత్రాన లోపలి పని మొత్తానికి విలువ సున్నా అయిపోతుందా? ఇదే వాదనతో శామ్‌సంగ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 120 ఏళ్ళకు పైగా డిజైన్ పేటెంటు కేసు ఒక్కటీ వినని కోర్టు దీన్ని స్వీకరించింది. యాపిల్ పక్షాన డీటర్ రామ్స్, నార్మన్ ఫాస్టర్, కాల్విన్ క్లైన్ వంటి వందమందికి పైగా డిజైనర్లు తమ అభిప్రాయం సమర్పించారు. వస్తువుకు రూపమే ప్రాణమని, దాన్ని విడదీసి వెల కట్టలేమని వాళ్ళ వాదన. 2016 అక్టోబరులో వాదనలు జరిగినప్పుడు న్యాయమూర్తులు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును ఉదాహరణగా తీసుకుని ప్రశ్నలు వేశారు. ఆ కారును జనం దాని రూపం చూసే కొంటారనుకుందాం. అంతమాత్రాన ఇంజను మీద వచ్చే లాభమూ రూపం గీసినవాడిదే అవుతుందా?

2016 డిసెంబరు 6న ఎనిమిది మంది న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. తీర్పు రాసింది జస్టిస్ సోనియా సొటొమేయర్. మొత్తం లాభం అన్నప్పుడు "వస్తువు" అంటే దుకాణంలో అమ్మే పూర్తి ఫోనే కానక్కర్లేదు, అందులోని ఒక భాగం కూడా కావచ్చు అన్నారు. సరే, ఈ కేసులో ఆ వస్తువు ఫోనా, ముందు అద్దమా? దాన్ని తేల్చే పద్ధతి ఏమిటి? అది చెప్పలేదు. కింది కోర్టుకు పంపేశారు. ఎంతో మంచి తీర్పు, కానీ సగంలో ఆగిపోయింది. కొలబద్ద ఇవ్వని తీర్పుతో కింది కోర్టుల పని ఎంత కష్టమవుతుందో తర్వాత జరిగిందే చెబుతుంది.

2018 మేలో శాన్ హోసేలో కొత్త జ్యూరీ కూర్చుంది. వస్తువు అంటే ఫోనంతా అని చెప్పి యాపిల్ వంద కోట్ల డాలర్లకు పైగా అడిగింది. వస్తువు అంటే అద్దం, చట్రం, తెర అని చెప్పి శామ్‌సంగ్ 2.8 కోట్లు చాలంది. చూడండి, ఒకే తప్పుకు రెండు వెలలు, మధ్య ముప్ఫయ్యారు రెట్ల తేడా. జ్యూరీ మొత్తం 53.9 కోట్లు ఇమ్మంది. అందులో డిజైన్ల కింద 53.3 కోట్లు. సుప్రీంకోర్టులో గెలిచిన శామ్‌సంగ్‌కు డిజైన్ల బాకీ 39.9 కోట్ల నుంచి 53.3 కోట్లకు పెరిగింది. ఆ జూన్‌లో ఇద్దరూ రాజీపడ్డారు, షరతులు బయటపెట్టలేదు. ఆ మూడు డిజైన్ పేటెంట్ల 14 ఏళ్ళ గడువు 2024 నాటికి తీరిపోయింది.

మన దేశంలో ఈ తరహా పోట్లాటల్లో బాగా పేరుపడ్డది బజాజ్, టీవీఎస్ కంపెనీల మధ్య నడిచింది. చిన్న ఇంజనులో రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టే పద్ధతి మీద బజాజ్‌కు పేటెంటు ఉండేది. పల్సర్ మీద డీటీఎస్-ఐ అన్న అక్షరాలు చూసినవాళ్ళకు అదేమిటో తెలుసు. 2007లో టీవీఎస్ తన ఫ్లేమ్ బండిలో రెండు ప్లగ్గులు పెట్టింది. మద్రాసు హైకోర్టు 2008 ఫిబ్రవరిలో ఆ బండి ఆపమంది, 2009 మేలో అదే హైకోర్టు ధర్మాసనం ఆ ఉత్తర్వును ఎత్తేసింది. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, ఇలాంటి కేసుల్లో మధ్యంతర ఉత్తర్వుల మీదే ఏళ్ళు గడిచిపోతున్నాయి, అసలు దావాను రోజువారీగా విని ముగించండని చెప్పింది. చివరికి 2019లో రెండు కంపెనీలూ రాజీ చేసుకున్నాయి. పన్నెండేళ్ళు! ఈలోగా ఫ్లేమ్ బజారు నుంచే వెళ్ళిపోయింది. రెండు పెద్ద కంపెనీలు గనుక పన్నెండేళ్ళు తట్టుకున్నాయి. ఒక చిన్న వర్క్‌షాపు యజమాని కొత్త పద్ధతి కనిపెట్టి, దాన్ని పెద్ద కంపెనీ ఎత్తుకుపోతే రెండేళ్ళయినా నిలబడగలడా? ఈ ఆలస్యమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది.

రూపం విషయంలో మన చట్టం మరీ చిత్రంగా ఉంది. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం రిజిస్టరు చేసుకున్న డిజైనును ఎవరైనా కాపీ చేస్తే హక్కుదారుడికి రెండు దారులున్నాయి. మొదటి దారి సులభం. ఒక్కో ఉల్లంఘనకు గరిష్ఠంగా 25 వేల రూపాయలు, ఒక డిజైనుకు అన్నీ కలిపి 50 వేలకు మించకుండా రాబట్టుకోవచ్చు. రెండో దారి నష్టపరిహారానికి, నిషేధానికి దావా వేయడం. అందులో పరిమితి లేదు, కానీ నష్టమెంతో రుజువు చేసుకోవాలి. అంటే ఆనాడు తివాచీ కంపెనీలు ఎక్కడ చిక్కుకున్నాయో సరిగ్గా అక్కడికే వచ్చి పడతాం. మొత్తం లాభం ఇమ్మనే అమెరికా చట్టం ఒక కొస, 50 వేల రూపాయల పరిమితి మరో కొస.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. 50 వేల పరిమితి పెట్టిన కాలం వేరు, దాన్ని పార్లమెంటు పెంచాలి. అదే సమయంలో మొత్తం లాభం సూత్రాన్ని మనం అరువు తెచ్చుకోకూడదు. వస్తువు అమ్ముడుపోవడంలో ఆ రూపం వంతు ఎంత అని నిర్ణయించే పద్ధతిని చట్టంలోనే రాయాలి. ఆ వంతు రుజువు చేసే భారాన్ని హక్కుదారుడి ఒక్కడి నెత్తినే వేయకుండా, కాపీ చేసినవాడు తన లెక్కల పుస్తకాలు తెరిచి చూపేలా చేయాలి. లాభం ఎంతో తెలిసేది అతనికే కదా.

ఇంజనీరింగు చదువుతున్న పిల్లలకూ, చిన్న పరిశ్రమలు నడిపేవాళ్ళకూ ఒక మాట. పేటెంటు రహస్యం కాదు. తన పద్ధతిని పూర్తిగా రాసి బయటపెట్టినందుకే ప్రభుత్వం ఆవిష్కర్తకు 20 ఏళ్ళ హక్కు ఇస్తుంది. ఆ పత్రాలు భారత పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా డబ్బు కట్టకుండా వెతికి చదువుకోవచ్చు. కొత్త వస్తువు మొదలుపెట్టే ముందు అక్కడ చూస్తే, ఎవరి దారిలో అడుగు పెడుతున్నామో ముందే తెలుస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల పేటెంటు దరఖాస్తులను చూసేది చెన్నై పేటెంట్ కార్యాలయం. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. కేవలం కంప్యూటరు ప్రోగ్రాముకు మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కింద పేటెంటు రాదు. వస్తువు రూపానికైతే డిజైన్ రిజిస్ట్రేషను విడిగా చేయించుకోవాలి. పదేళ్ళు ఉంటుంది, మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. వస్తువును బజారులో పెట్టకముందే, ఫొటోలు బయటికి పంపకముందే ఆ దరఖాస్తు వేయండి. ముందే ప్రచురించిన డిజైనును కొత్తదిగా చట్టం ఒప్పుకోదు.